చెప్పేవాడు

ఓడిన బస్సులో ఎవరూ మాట్లాడకూడదు. ఆ నియమం పెట్టింది వెర్నన్ డెకర్టే. ఈ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ టీముకి హెడ్ కోచ్ అయిన మొదటి ఏడాది, పాటలొద్దు, పేకాట వద్దు, ఫోన్లో నవ్వులొద్దు, ఓటమిని నోట్లో పెట్టుకుని ఇంటిదాకా చప్పరించండి, అప్పుడుగాని దాని చేదు ఒంటికి పట్టదు అన్నాడు. అన్నప్పుడు ఆ మాట తనకే ఎంతో బాగా అనిపించింది. ఇవాళ అదే తన గొంతు మీద కూర్చుంది. ముందు వరసలో కుడిపక్క సీటు అతనిది, దాని పక్క సీటు ఎప్పుడూ ఖాళీ, అందులో ఎవరూ కూర్చోరు, కూర్చోమని అతనూ అనడు. అద్దంలోంచి కోతలైపోయిన మొక్కజొన్న చేలు వెనక్కి పోతున్నాయి, మొండి దుబ్బులు, వాటి మధ్య గడ్డకట్టిన నీళ్ళు, ఊరూరికీ ఒక సిమెంటు గాదె, దాని మీద వాలుతున్న నవంబరు పొద్దు. వెనక యాభైమంది కుర్రాళ్ళు ఊపిరి పీలుస్తున్న చప్పుడు. వాళ్ళకి ముందు నాలుగో వరసలో స్పడ్ ప్రూయిట్, డిఫెన్స్ కోచ్, పొద్దుతిరుగుడు గింజలు కొరికి తొక్కలు కాగితపు గ్లాసులో ఉమ్ముతున్నాడు. టిక్, ఆగి, మళ్ళీ టిక్. ఇంకో గంటలో ఇల్లు. బస్సు దిగేలోపల ఆ గింజలు కొరికే మనిషికి నీ పని అయిపోయిందని చెప్పాలి. చెప్పకపోతే ఇద్దరి పనీ అయిపోతుంది.

బస్సు దిగేలోపు చెప్పెయ్యండి, కోచ్, అన్నాడు కెసెల్. కాలేజీ ఆటలన్నిటికీ డైరెక్టరు అతను, వెర్నన్ కన్నా ఇరవయ్యేళ్ళు చిన్న, ఎండలో ఒక్కసారి కూడా బొర్లా పడని మొహం. ఆట అయిపోయాక, బట్టలు మార్చుకునే గది బయట, తడి మేజోళ్ళ వాసనలో, గోడకి ఆనుకుని, గొంతు తగ్గించి చెప్పాడు. "మీ మీద నాకు నమ్మకం ఉంది. కానీ డబ్బిచ్చే పెద్దలకి ఏదో ఒకటి చూపించాలి కదండీ. మూడేళ్ళుగా ఆఖరి నిమిషాల్లోనే పోతున్నాం. డిఫెన్స్ ప్రూయిట్ గారిది. వేరే దారిలో వెళ్దాం." వేరే దారి. ఈ పనిలో ఎవరూ ఎవర్నీ తీసెయ్యరు, వేరే దారిలో వెళ్తారు. ఆ దారులన్నీ ఎక్కడ కలుస్తాయో, వాటిమీద ఎంతమంది సామాన్లు కట్టుకుని నడుస్తున్నారో. లేకపోతే ఏమవుతుంది అని వెర్నన్ అడగలేదు. అడక్కుండానే కెసెల్ చెప్పాడు. "లేదంటే అందర్నీ మార్చమంటారు. నేను ఆపలేను, కోచ్. రాత్రికే పేపర్లవాళ్ళకి చెప్పేస్తాం, ఆయనకి మీనోటే తెలియడం మర్యాద." సరే అన్నాడు వెర్నన్. ఆలోచించి అన్న మాట కాదు, ఎవరో తలుపు తీసి పట్టుకుంటే దాటుకుంటూ అనే మాటలా వచ్చేసింది. తర్వాత బస్సు దగ్గర కెసెల్ ఎప్పటిలాగే నిలబడ్డాడు, ఎక్కే కోచ్‌లందరికీ చెయ్యి కలుపుతూ. స్పడ్ ఎక్కేటప్పుడు మాత్రం ఫోన్ చూసుకున్నాడు. స్పడ్ గమనించాడా? గమనించే ఉంటాడు. అవతలి కుర్రాళ్ళ మడమలు చూసి బంతి ఎటు పోతుందో చెప్పేవాడు, తన ముందుకి రాని చెయ్యి చూడడా?

టిక్. డ్రైవరు వేడి పెంచినట్టున్నాడు, అద్దం మసకబారింది. వెర్నన్ చేత్తో తుడిచాడు. తుడిచినచోట మళ్ళీ అదే మైదానం. నిమిషం కూడా లేదు, మూడు పాయింట్ల ముందున్నాం, వాళ్ళ చేతిలో బంతి, పాయింట్లొచ్చే గీతకి చాలా దూరం. స్పడ్ పైన అద్దాల గదిలో ఉన్నాడు, వాడి గొంతు హెడ్‌సెట్‌లో, నిద్రపోయే పిల్లాడి పక్కన మాట్లాడినట్టు నెమ్మదిగా. వెనకాల ఇద్దర్ని ఉంచుదాం వెర్న్, గడియారమే గెలిపిస్తుంది. పంపించు అన్నాడు తను. వెర్న్, విను. పంపించు, అందర్నీ వాడి మీదకి పంపించు. ఎందుకన్నాడు? ఆ బంతి విసిరేవాడి మొహంలో భయం కనిపించిందనుకున్నాడు. గడియారం తెచ్చిపెట్టిన గెలుపుని గెలుపనుకోవడం ఎప్పుడూ చేతకాలేదు అతనికి, యాభై ఎనిమిదేళ్ళొచ్చాక కూడా. అందరూ మీదపడ్డారు. వాడు అరక్షణం ముందు బంతిని గాల్లోకి వదిలాడు, అంతే, వెనక ఒక్కడే మిగిలిన మార్కీస్, బంతి అందుకుని ముందు పరిగెత్తేవాడి వీపు మీది పేరు చదువుకుంటూ గీతదాకా పరిగెత్తాడు. ఆ తర్వాత విలేకరుల గదిలో ఎవరో అడిగారు, అందర్నీ పంపాలన్న మాట ఎవరిది అని. స్పడ్ ఒక్క క్షణం కూడా ఆగలేదు. డిఫెన్స్ నాది, మాటా నాదే అన్నాడు. పక్కనే వెర్నన్ నీళ్ళు తాగుతున్నాడు. సీసాలో నీళ్ళు అయిపోయాయి, అయినా ఎత్తిన సీసా దించలేదు.

ఉద్యోగం చేసిన మొదటి ఊళ్ళో బస్సు వెర్నన్ తనే నడిపేవాడు. పొద్దున పిల్లలకి భూగోళం పాఠం, మధ్యాహ్నం మైదానంలో సున్నంతో గీతలు, శుక్రవారం సాయంత్రం బస్సు స్టీరింగు. స్పడ్ వెనక కూర్చుని పిల్లల తలలు లెక్కపెట్టేవాడు. ఒకసారి మంచులో దారి తప్పి ఎవరిదో గొడ్ల కొట్టం ముందు ఆగారు, ఆ రైతు లాంతరు పట్టుకుని వచ్చి, ఎవర్రా మీరు, నా దూడల్ని ఎత్తుకుపోడానికి ఇంతమందా అన్నాడు. స్పడ్ కిటికీలోంచి తల బయటపెట్టి, లేదయ్యా, ఈ దూడలే మావి, కావాలంటే నువ్వే రెండు తీసుకో, ఒక్కటీ బంతి పట్టదు అన్నాడు. బస్సంతా నవ్వు. ఆ రోజు ఓడిపోయే వచ్చారు కదా? ఓడిపోయే వచ్చారు. అప్పటికింకా నియమం లేదు. తర్వాత ఊరు, తర్వాత ఇంకో ఊరు, హైస్కూళ్ళు పోయి కాలేజీలు, చిన్న కాలేజీలు పోయి కొంచెం పెద్దవి, ప్రతిచోటా స్పడ్ ఒక నెల ముందో వెనకో వచ్చి చేరేవాడు, వాడి భార్య డార్లా సామాన్ల లారీ వెనక కారు నడుపుకుంటూ. వెర్నన్ భార్య లోయిస్ ఒక ఇంటి కిటికీలకి కుట్టిన తెరలు ఇంకో ఇంటి కిటికీలకి సరిపోయేవి కావు, పొట్టివైపోయేవి, పొడుగైపోయేవి, చివరికి కుట్టడం మానేసి దుప్పట్లు వేలాడదీసింది. ఇల్లు అమ్మకానికి అని బోర్డు ఒకటి తెల్లారేసరికి పెరట్లో పాతి ఉండేది, ఓడిన వారం, ఎవరో తాగినవాళ్ళు. లోయిస్ దాన్ని పీకి పొయ్యిలోకి పుల్లలు చేసేది. "మంచి కర్ర" అనేది, "ఈ ఊరివాళ్ళు కర్ర విషయంలో పిసినారులు కారు." నవ్వేది. నవ్వు అయిపోయాక కాసేపు గిన్నెలు గట్టిగా పెట్టేది.

ఈ ఊరికి వచ్చిన మొదటి వసంతంలో మాత్రం ఆస్పరాగస్ పాతింది. నాటిన మూడేళ్ళదాకా కోయకూడని కూర అది. కోచ్ పెళ్ళాలు ఎవరూ నాటరు, బంగాళాదుంపలు వేస్తారు, ముల్లంగి వేస్తారు, రెండు మూడు నెలల్లో చేతికొచ్చేవి. లోయిస్ చేతులకి మట్టి తుడుచుకోకుండానే వచ్చి వంటింట్లో నిలబడి, ఇక్కడ చచ్చిపోదాం వెర్న్, నాకిక ఓపిక లేదు అంది. చచ్చిపోదాం అన్నమాట అంత ఆనందంగా ఎవరైనా అనగా అతను వినలేదు. కెసెల్ గోడకి ఆనుకుని మాట్లాడుతున్నంతసేపూ వెర్నన్‌కి ఆ చేతుల మట్టే కనిపించింది. ఇది కూడా అబద్ధమేనేమో. లోయిస్ కోసం అనుకుంటే సరే అనడం సులువవుతుంది. తనకి తెల్లారితే విజిల్ మెళ్ళో వేసుకోవడం తప్ప ఇంకేం వచ్చు? ఆగస్టులో గడ్డి కోసిన వాసన రాకపోతే బతికున్నట్టు ఎలా తెలుస్తుంది? చుట్టుపక్కల ఊళ్ళలో వేరే దారిలో పోయిన కోచ్‌లు కనిపిస్తూనే ఉంటారు, ట్రాక్టర్లు అమ్మేచోట, ఇన్సూరెన్స్ ఆఫీసుల్లో, కొత్తగా ఇస్త్రీ చేసిన చొక్కాలో, ఎవరైనా కోచ్ అని పిలుస్తారేమోనని తలలు తిప్పుతూ.

టిక్. ఎన్ని గింజలు తింటాడు వీడు? ఉప్పు మానమని డాక్టరు చెప్పాడు కదా. ఎలా మొదలుపెట్టాలి? చూడు స్పడ్, మనం చాలా కాలం. కాదు. స్పడ్, కెసెల్ అంటున్నాడు. కాదు, అది పిరికితనం. స్పడ్, నువ్వంటే నాకు. అది ఇంకా అన్యాయం. ఎంతమందిని ఈ ముప్ఫై ఏళ్ళలో ఇంటికి పంపాడో, ఒక్కరికీ తన నోటితో చెప్పలేదు. ఆ సంగతి ఇప్పుడు, ఈ మసక అద్దం ముందు, మొదటిసారి తట్టింది. నిర్ణయం తనది, చెప్పడం స్పడ్‌ది. ఎప్పుడు మొదలైందో, ఎవరు పెట్టారో, ఓడిన బస్సు నియమానికి ఉన్నట్టు దానికి పుట్టినరోజు లేదు. పలానా కుర్రాడికి వచ్చే ఏడాది ఫీజు కట్టలేం, పలానావాడి మోకాలు ఇక పనికిరాదు, పలానా అసిస్టెంటు సరిగ్గా లేడు, స్పడ్, నువ్వొకసారి మాట్లాడు. స్పడ్ తలూపి టోపీ పెట్టుకుని వెళ్ళేవాడు. ఒకసారి వెర్నన్ కారులోంచి చూశాడు. ఊళ్ళో హోటలు, కిటికీ పక్క బల్ల, స్పడ్ ఎదురుగా కాల్బీ అనే కుర్రాడు, పేద రైతు కొడుకు, ఎవరూ పిలవకుండా వచ్చి టీమ్‌లో చేరి రెండేళ్ళు బండరాయిలా దెబ్బలు తిన్నవాడు. బల్లమీద బీన్సు వేసి ఉడికించిన కారం మాంసం, పక్కన దాల్చినచెక్క రొట్టె, ఇక్కడివాళ్ళు ఆ రెండూ కలిపే తింటారు. కుర్రాడు చెంచా పట్టుకుని ఏదో చెప్తూ నవ్వుతున్నాడు, తర్వాత నవ్వడం లేదు. గాజు అవతల మాటలు వినిపించవు. స్పడ్ ఏమీ చెయ్యలేదు, వాడి భుజం కూడా తట్టలేదు, అలా కూర్చున్నాడు. వెర్నన్ ఇంజన్ ఆపకుండానే చూసి, లోపలికి వెళ్దామా అనుకుని, గేరు వేసి వెళ్ళిపోయాడు. కాల్బీకి ఇప్పుడు ఇద్దరు పిల్లలట. క్రిస్మస్ కార్డు స్పడ్‌కి పంపిస్తాడు. వాళ్ళందరూ స్పడ్‌కే పంపిస్తారు, డార్లా వాటిని ఫ్రిజ్ తలుపు నిండా అంటిస్తుంది, తీసేసిన వాళ్ళందరూ ఆ తలుపు మీద నవ్వుతూ ఉంటారు. వెర్నన్ ఇంటికి గెలిచినవాళ్ళ కార్డులు వస్తాయి, అవి తక్కువ.

ఒకప్పుడు స్పడ్‌కి సొంత టీమ్ వచ్చి ఉండేది. పడమటి కొసన ఒక కాలేజీ, హెడ్ కోచ్‌గా రమ్మన్నారు, డార్లా ఆ ఊరి పటం కొని వంటింట్లో పరిచింది. స్పడ్ వచ్చి గుమ్మంలో నిలబడి, ఏమంటావురా అన్నాడు. నువ్వు వెళ్ళిపోతే నా తరఫున చెప్పేదెవర్రా అన్నాడు వెర్నన్, వేళాకోళంగానే అన్నాడు, నవ్వుతూనే అన్నాడు. స్పడ్ కూడా నవ్వాడు. వెళ్ళలేదు. ఆ పటం ఏమైందో.

వెనకెక్కడో ఒక శబ్దం. గింజలది కాదు. గొంతులో అణుచుకుంటే ముక్కులోంచి వచ్చే శబ్దం. మార్కీస్. టోపీ కళ్ళమీదకి లాక్కుని కిటికీకి తల ఆనించి ఉంటాడు, తిరిగి చూడక్కర్లేదు. ఎవరూ ఏమీ అనలేదు, నియమం కదా, యాభైమంది ఆ ఏడుపు వింటూ కళ్ళు మూసుకున్నారు. సీటు కిర్రుమంది. బరువైన అడుగులు వెనక్కి వెళ్ళాయి. "ముక్కు తుడుచుకోరా" అంది స్పడ్ గొంతు, మామూలుగా, గుసగుస కూడా కాదు. "ఇలా చూడు. నిన్ను ఒంటరిగా వదిలింది మేము. నువ్వు పరిగెత్తావు. ఇంకేం చేస్తావు, ఎగురుతావా?" ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. అడుగులు మళ్ళీ ముందుకి వచ్చాయి, నాలుగో వరస దగ్గర ఆగలేదు. పక్క సీటు దిగబడింది. ఉప్పు వాసన, తడిసిన ఉన్ని వాసన. స్పడ్ ఇంత ముసలివాడయ్యాడా, చెవుల్లో వెంట్రుకలు నెరిశాయి.

"నియమం తప్పావు" అన్నాడు వెర్నన్.

"తప్పితే? తీసేస్తావా?"

రోడ్డు పక్క దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి.

"కెసెల్ నాకు చెయ్యి కలపలేదు" అన్నాడు స్పడ్. "ఫోన్లో చూసుకున్నాడు. ఆ ఫోన్ వెలగను కూడా లేదురా. నటించడం కూడా రాదు వెధవకి."

"చూశావా."

"ఎప్పటిలోగా?"

"బస్సు దిగేలోపు."

స్పడ్ గ్లాసులోని తొక్కల్ని చూశాడు. "డార్లా కారు పార్కింగులో ఉంటుంది. రేడియో పెట్టుకుని. రేడియోలో వినకూడదది."

"అందర్నీ పంపమన్నది నేను." గొంతు తనది కానట్టుంది. "కెసెల్‌కి ఆ ముక్క చెప్తే."

"చెప్పావా?"

వెర్నన్ అద్దంలోకి చూశాడు.

"చెప్పలేదు కదా. చెప్పవు. నాకు తెలుసు. కోపం లేదనుకో." ఆగాడు. "ఉంది. చాలా ఉంది. ఇవాళ అలిసిపోయానంతే."

జేబులో ఫోన్ ఉంది. తీసి ఒక్క మీట నొక్కితే కెసెల్. నాది, ఆ మాట నాది అంటే చాలు. అప్పుడు ఇద్దరూ దిగిపోతారు, రేపు పొద్దున ఇద్దరి పేర్లూ పేపర్లో పక్కపక్కన, లోయిస్ తెల్లారి లేచి ఏ పెట్టెలు ఎక్కడున్నాయో వెతుక్కుంటుంది, మళ్ళీ ఏ ఊళ్ళోనో ఏ స్కూలు బస్సో. స్పడ్ నవ్వుతూ దూడలు అంటాడు. ఒక్క క్షణం ఆ బస్సు ఎంత దగ్గరగా కనిపించిందంటే, స్టీరింగు చల్లదనం చేతికి తగిలింది. చెయ్యి జేబు మీదే ఉంది. ఆ చెయ్యి జేబులోకి వెళ్ళడం లేదని స్పడ్ కూడా చూస్తున్నాడు.

"నువ్వెలా చెప్తావు?" అన్నాడు వెర్నన్.

"ఏంటి?"

"వాళ్ళకి. ఆ కుర్రాళ్ళకి. నేనెప్పుడూ. నాకు తెలీదు, స్పడ్."

స్పడ్ నవ్వబోయాడు, అది దగ్గులోకి తిరిగింది. "ముప్ఫై ఏళ్ళకి అడిగావురా." మోచేతులు మోకాళ్ళకి ఆనించి, మైదానం పక్కన కొత్త అసిస్టెంటుకి ఎలా నిలబడాలో చెప్పే గొంతుతో చెప్పాడు. "ముద్దుపేరు పెట్టి పిలవకూడదు. అసలు పేరు పెట్టి పిలవాలి. ముద్దుపేరు వింటే ఇంకా మనవాణ్ణేనని ఆశ పుడుతుంది. తర్వాత ఒక్కటే వాక్యం. అందులో కానీ అనే మాట ఉండకూడదు. నాకూ బాధగానే ఉంది లాంటివి అస్సలు అనకూడదు, నీ బాధ వాడెందుకు మొయ్యాలి? చెప్పాక వాడు లేచేదాకా నువ్వు లేవకూడదు. ఎంతసేపైనా సరే."

"అంతేనా?"

"అంతే. ఇక అడగొద్దు. ఈసారి నీ తరఫున నేను చెప్పను."

ఊరి నీళ్ళ ట్యాంకు కనిపించింది, దానిమీద కాలేజీ రంగులు, కింద ఎర్ర దీపం. డ్రైవరు వేగం తగ్గించాడు. వెనక కుర్రాళ్ళు సంచులు సర్దుకుంటున్నారు, మాట మాత్రం లేదు.

"ఆర్లో" అన్నాడు వెర్నన్.

ఆ అసలు పేరుతో స్పడ్‌ని డార్లా కూడా పిలవదు. స్పడ్ గ్లాసు కింద పెట్టాడు. టోపీ తీశాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, ఆ హోటలు బల్ల అవతల కూర్చునే కుర్రాళ్ళలాగా నిటారుగా కూర్చున్నాడు.

"చెప్పండి, కోచ్."

వెర్నన్ చెప్పాడు. ఒక్కటే వాక్యం, అనుకున్నదానికన్నా చిన్నది. ఎవరూ మాట్లాడని బస్సులో అది చివరి సీటుదాకా వెళ్ళింది, వెళ్ళిన చప్పుడు తనకే వినిపించింది. సంచుల సర్దుడు ఆగిపోయింది. బస్సు మలుపు తిరిగి పార్కింగులోకి వచ్చి ఆగింది, తలుపు ఊపిరి వదిలినట్టు తెరుచుకుంది, చలి లోపలికి వచ్చింది. కుర్రాళ్ళు ఒక్కొక్కరే ఇద్దరి పక్కనుంచీ దిగిపోయారు. మార్కీస్ ఆగి ఏదో అనబోయి, వెర్నన్ మొహం చూసి, దిగిపోయాడు. అవతల ఒక కారు దీపాలు రెండుసార్లు ఆర్పి వెలిగించింది, డార్లా. డ్రైవరు ఇంజన్ ఆపేశాడు, తాళాలు చేతిలో ఆడిస్తూ వచ్చి, "దిగరా, కోచ్?" అన్నాడు, ఎవర్ని అడిగాడో తెలియలేదు. డ్రైవరు కాసేపు చూసి దిగి, బయట సిగరెట్ వెలిగించుకున్నాడు. లోపల చల్లబడిపోతోంది. వెర్నన్ కాళ్ళు తిమ్మిరెక్కాయి. కదపలేదు. స్పడ్ ఎదురుగా ఖాళీ రోడ్డుని చూస్తూ, చేతులు మోకాళ్ళ మీదే ఉంచుకుని కూర్చున్నాడు. లేవలేదు.